సిగార్‌కి జోడీగా పాత రమ్ము: బరంపురం ఉక్కలోనూ కోరాపుట్ చలిలోనూ కుదిరే పద్ధతి

బయటి దేశాలవాళ్ళు రాసే సిగార్ పాఠాలన్నీ ఏసీ గదిని మనసులో పెట్టుకుని రాసినవే. దక్షిణ ఒడిశాలోని బరంపురంలో శ్రావణమాసం సాయంత్రం కిటికీ తీస్తే చెమ్మగాలి ముఖానికి కొడుతుంది. రాయగడలో మే నెల మధ్యాహ్నం అలమరలోని సీసా ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. సిమిలిగుడ, కోరాపుట్ వైపు పుష్యమాసం రాత్రి అదే రమ్ము గ్లాసులో పోస్తే వాసనే రాదు. ఈ మూడు చోట్లకీ ఒకే సలహా చెల్లదు. అందుకే ఇక్కడ నిల్వ సంగతి ముందు, రమ్ము ఎంపిక తరవాత, జోడీ ఆ పైన. ఒక్క సూత్రం మాత్రం ఇప్పుడే చెప్పుకోవాలి: రెండింటి బలం సమంగా ఉండాలి, తీపి ఒక్కవైపే ఉండాలి. సీసా మీది అంకె, పెట్టె ధర ఈ లెక్కలోకి రావు.

ఆరోగ్యం గురించి మభ్యపెట్టడం అనవసరం. సిగార్ పొగ లోపలికి మింగకపోయినా నోటి, గొంతు కాన్సర్ ముప్పు ఉంటుంది. దానికి మద్యం తోడైతే ఆ ముప్పు పెరుగుతుంది. శ్రీకాకుళం తీరాన అడ్డపొగ (చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ళకి అంగిట్లో వచ్చే జబ్బు సంగతి ఈ ప్రాంతంలో కొత్తగా చెప్పక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి చేసే పనిగానే ఈ జోడీని చూడాలి. ఒడిశాలో మద్యానికి 21 ఏళ్ళు నిండాలి. సరిహద్దు దాటించి సీసాలు తేవడం, తీసుకెళ్ళడం రెండు వైపులా ఎక్సైజు వాళ్ళతో పేచీయే. ఉన్న రాష్ట్రంలో కొన్నదే తాగండి, బిల్లు ఉంచుకోండి. మహారాష్ట్ర సరిహద్దులో సిరొంచ వైపు ఉన్నవాళ్ళకి ఈ వ్యాసంలో సగమే పనికొస్తుంది: గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం.

చుట్ట, సిగార్

మనకి పొగాకు చుట్ట కొత్త కాదు కాబట్టి సిగార్‌ని కూడా చుట్టలాగే లాగేస్తారు. తేడా తెలియాలి. మంచి సిగార్‌లో మూడు పొరలు: లోపల నింపిన ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, అందంగా కనిపించే పై ఆకు. నింపే ఆకుల్లో మొక్క పైభాగం నుంచి కోసిన లిగెరో ఘాటుది, మెల్లగా కాలుతుంది. నడిమి సెకో వాసన ఇస్తుంది. కింది వొలాదో నిప్పు ఆరకుండా చూస్తుంది. ఆకుని కుప్పలు వేసి నెలల తరబడి మాగబెట్టి అమ్మోనియా పోగొడతారు. ఆ మాగుడు చాలని చుట్ట గొంతు పట్టేస్తుంది. లంక పొగాకు చుట్టకి నికోటిన్ దెబ్బా ఎక్కువే. చుట్టతో రమ్ము తాగాలనే ముచ్చట ఉంటే సగం చుట్టతో ఆపండి, రమ్ములో నీళ్ళు సమానంగా కలపండి, ఇంక పేరున్న రమ్ము కోసం వెతకొద్దు. ఆ ఘాటు ముందు ఏ సున్నితమైన వాసనా నిలవదు.

మొదటిసారికి రొబుస్టో సైజు తీసుకోండి: 5 అంగుళాల పొడవు, 50 రింగ్. రింగ్ అంటే అంగుళంలో 64వ వంతు; 50 రింగ్ అంటే సుమారు 20 మిల్లీమీటర్ల మందం. ఇది 50 నిమిషాల నుంచి గంట వరకు వస్తుంది, 60 మిల్లీలీటర్ల రమ్ముకి సరిగ్గా సరిపోతుంది. చర్చిల్ సైజు 7 అంగుళాలు. అది ముగిసేసరికి ఒకటిన్నర గంట దాటుతుంది, అంతసేపూ చేతిలో గ్లాసు ఉంటే మోతాదు తెలియకుండా పెరుగుతుంది.

పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో సిగార్ దుకాణం వెతికితే దొరకదు. విశాఖ, భువనేశ్వర్ వెళ్ళినప్పుడు కొనుక్కోవాలి, లేదా విదేశాల నుంచి వచ్చేవాళ్ళు తేవాలి. ఒక్కరు సుంకం లేకుండా 25 సిగార్ల వరకు తెచ్చుకోవచ్చు. ఇక్కడి పాన్‌షాపులో గాజుమూత పెట్టెలో మెరుస్తూ కనిపించే 'క్యూబా' సిగార్ నకిలీదే, చేయి పెట్టకండి. చట్టప్రకారం మన దేశంలో అమ్మే పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలి. అది లేని పెట్టె ఏ దారిన వచ్చిందో అనుమానించాల్సిందే. కొనేటప్పుడు వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి: కొద్దిగా లొంగి మళ్ళీ పైకి రావాలి. చిటపటమంటే ఎండిపోయింది. నొక్కినచోట గుంట పడి అలాగే ఉంటే చెమ్మ ఎక్కింది. నడుమ ఒక్కచోట గట్టిగా ముడిలా తగిలితే లోపల ఆకు మెలిపడింది, అది దమ్ముకి లొంగదు.

నిల్వ: పని మొత్తం ఇక్కడే ఉంది

పుస్తకాలు 70 శాతం తేమ, 20 డిగ్రీల వేడి అంటాయి. మన వాతావరణానికి 65 శాతం పెట్టుకోవడం మేలు. 70 దగ్గర ఉంచిన సిగార్‌ని వానాకాలం బయటికి తీస్తే గాలిలోంచి ఇంకా చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, పై ఆకు చిట్లుతుంది, పక్కకి కాలుతుంది. పైగా వేడి 24 డిగ్రీలు దాటి తేమ 70 పైకి పోతే పొగాకు పురుగు గుడ్లు పగులుతాయి. పై ఆకులో గుండుసూది పట్టేంత గుండ్రటి రంధ్రం, పెట్టె అడుగున సన్నటి పొడి కనిపిస్తే పని అయిపోయినట్టే.

చెక్క హ్యూమిడర్, అంటే సిగార్లు దాచే పెట్టె, ఈ ప్రాంతానికి దండగ. దాని మూత సందుల్లోంచి వానాకాలం చెమ్మ దూరుతుంది, వేసవిలో ఆరిపోతుంది. వంటింటి సామాను అమ్మే చోట దొరికే రబ్బరు అంచు, నాలుగు క్లిప్పుల ప్లాస్టిక్ డబ్బా చాలు. కొత్త డబ్బాని సబ్బుతో కడిగి రెండు రోజులు మూత తీసి ఉంచి ప్లాస్టిక్ వాసన పోగొట్టండి. అందులో 65 శాతం అని రాసిన, తేమని రెండు వైపులా సర్దే ప్యాకెట్ 60 గ్రాములది ఒకటి పెట్టండి; అది 25 సిగార్ల వరకు సరిపోతుంది. ప్యాకెట్ గట్టిపడి అటుకుల సంచిలా గలగలమంటే మార్చాలి. తడి స్పాంజి, నీళ్ళలో ముంచిన దూది లాంటివి వద్దు. అవి తేమ ఇస్తాయేగాని వెనక్కి తీసుకోవు, బూజు పట్టిస్తాయి.

డబ్బాలో పెట్టే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ (తేమ కొలిచే మీటర్) చెప్పిన అంకె నమ్మేముందు ఉప్పు పరీక్ష చేయండి. సీసామూతలో ఒక టీస్పూను ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే నీటి చుక్కలు వేయండి, ఉప్పు కరిగిపోకూడదు. దాన్ని, మీటర్‌ని ఒకే జిప్ సంచిలో మూసి 12 గంటలు కదపకుండా ఉంచండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటర్ 71 చూపిస్తే అది 4 తక్కువ చెప్తున్నట్టు. ఆ తేడా డబ్బా మీద రాసి అంటించండి.

కొత్తగా తెచ్చిన సిగార్లని డబ్బాలో కలిపేముందు పురుగు చంపాలి. రెండు జిప్ సంచుల్లో గాలి తీసి మూసి, ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు, ఫ్రీజర్‌లో మూడు రోజులు, మళ్ళీ కింది అరలో ఒక రోజు. ఆ తరవాత సంచి విప్పకుండా గదిలో ఒక పూట ఉంచి అప్పుడు తీయండి. ఈ మెట్లు తప్పించి ఫ్రీజర్ నుంచి నేరుగా బయటికి తీస్తే చెమ్మ పట్టి పై ఆకు పగులుతుంది. డబ్బాలో రెండు మూడు వారాలైనా స్థిమితపడనివ్వండి.

వేసవికి ఇంకో జాగ్రత్త. మేడ మీది గదిలో, స్లాబు కింద అటక మీద డబ్బా పెట్టకండి. కింది అంతస్తులో లోపలి గది, నేల మీద థర్మాకోల్ పెట్టె, అందులో డబ్బా, పక్కన రెండు లీటరు నీళ్ళ సీసాలు. నీళ్ళ బరువు పగటి వేడిని ఆలస్యంగా లోపలికి రానిస్తుంది. మరీ మండిపోయే రోజుల్లో ఒక సీసా గడ్డకట్టించి పెట్టొచ్చు, డబ్బా గట్టిగా మూసి ఉంది కాబట్టి బయట పట్టే చెమ్మ లోపలికి రాదు. మామూలు ఫ్రిజ్‌లో విడిగా సిగార్లు ఉంచితే మాత్రం వారంలో ఎండుపుల్లలవుతాయి, ఎండుచేపల వాసన అదనం.

కాల్చే ముందురోజు సిగార్‌ని డబ్బాలోంచి తీసి గాలికి ఆరబెట్టమని చాలా చోట్ల రాస్తారు. బరంపురంలో, ఛత్రపురంలో వానాకాలం ఆ పని చేస్తే ఆరడం అటుంచి తడుస్తుంది. ఏసీ గది ఉంటేనే చేయండి. లేకపోతే డబ్బాలోంచి తీసిన పావుగంటలో ముట్టించండి.

రమ్ము చూసుకోవడం

పాతదంటే పీపాలో గడిపిన కాలమే. సీసాలోకి వచ్చాక రమ్ముకి వయసు పెరగదు. తాతగారి బీరువాలో ఇరవై ఏళ్ళు ఉన్నా అది అదే. నల్లటి రంగుని చూసి వయసు అంచనా వేయకండి, కారమెల్ కలిపితే నిన్నటి రమ్ము కూడా నల్లగా ఉంటుంది. అంకెల్లోనూ మెలిక ఉంది. జమైకా ఆపిల్‌టన్ 12 అంటే అందులో అన్నింటికన్నా చిన్న రమ్ము వయసు 12. గ్వాటెమాలా జకాపా 23 అంటే అలా కాదు. సొలెరా పద్ధతిలో 6 నుంచి 23 ఏళ్ళ రమ్ములు అందులో కలుస్తాయి. ఓల్డ్ మాంక్ 7 ఏళ్ళు పీపాల్లో ఉంచినదని చెప్తారు, బలం 42.8 శాతం. వెనిలా, బెల్లప్పాకం వాసన దాని గుర్తు.

జోడీకి అన్నింటికన్నా ముఖ్యం, రమ్ములో చక్కెర కలిపారా లేదా అన్నది. కాచి దించిన రమ్ములో చక్కెర ఉండదు; తీపి నాలుకకి అంటుకుంటోందంటే తరవాత కలిపిందే. ఐరోపాలో లీటరుకి 20 గ్రాములకు మించితే ఇప్పుడు రమ్ము అని రాయనివ్వరు. ఇంట్లో తెలుసుకోవడానికి తేలిక పరీక్ష: శుభ్రంగా తుడిచిన స్టీలు పళ్ళెం మీద అయిదు చుక్కలు పరిచి ఫ్యాను కింద అరగంట ఆరనివ్వండి. వేలు పెడితే జిగురుగా పట్టుకుంటే తీపి రమ్ము. సన్నటి మరక మాత్రమే మిగిలి వేలు జారితే పొడి రమ్ము. వెనెజువేలా డిప్లొమాటికో రెసెర్వా ఎక్స్‌క్లూసివా, జకాపా 23 మొదటి రకం. బార్బడోస్ ఫోర్‌స్క్వేర్, నికరాగువా ఫ్లోర్ ది కాన్యా, ఆపిల్‌టన్ రెండో రకం.

ఏది దేనికి

లేత గోధుమరంగు పై ఆకు, కనెక్టికట్ అని రాసి ఉన్న డొమినికన్ సిగార్లు: వేయించిన వేరుశనగ, మీగడ, ఎండుగడ్డి వాసన. వీటికి తేలికైన పొడి రమ్ము, ఫ్లోర్ ది కాన్యా 7 లేదా హవానా క్లబ్ 7 స్థాయిది. ఇక్కడ ఓల్డ్ మాంక్ పోస్తే సిగార్ ఉన్న సంగతే మరిచిపోతారు.

నడిమి బలం, ఎర్రగోధుమరంగు కొరోహో లేదా హబానో పై ఆకు, నికరాగువా ఎస్తెలీ వైపు పొగాకు: మిరియాల ఘాటు, తోలు, కోకో. తీపి రమ్ము చక్కగా నప్పేది ఈ ఒక్కచోటే. మిరియాల పొగరుని వెనిలా తీపి అణుస్తుంది, పొగ కూడా రమ్ము తీపిని మొహం మొత్తనివ్వదు. తక్కువ ఖర్చుతో మంచి జోడీ కావాలంటే నికరాగువా హబానో రొబుస్టో, ఓల్డ్ మాంక్ అని చెప్పేయొచ్చు. మార్చాలనిపిస్తే గయానా ఎల్ డొరాడో 12, లేదా బెంగుళూరు అమృత్ వాళ్ళ టూ ఇండీస్.

నల్లటి మదురో పై ఆకు దగ్గరే అందరూ పొరబడతారు. చాక్లెట్, కాఫీ, ఎండుద్రాక్ష వాసనలున్న సిగార్ కాబట్టి తియ్యటి నల్ల రమ్ము పోస్తారు. మొదటి పది నిమిషాలు అద్భుతం. అరగంటకి బూందీ లడ్డు మీద పాకం పోసుకున్నట్టు నోరు బంకబంకగా అయిపోయి, రెండింటిలో ఏ వాసనా తెలియదు. మదురోకి పొడి రమ్మే పెట్టాలి: ఆపిల్‌టన్ 12, ఫోర్‌స్క్వేర్, ఫ్లోర్ ది కాన్యా 12. పీపా చెక్క వగరు మదురో తీపిని నిలబెడుతుంది.

లిగెరో బాగా పట్టించిన ఘాటు సిగార్‌కి 40 శాతం రమ్ము చాలదు, నీళ్ళలా జారిపోతుంది. 46 నుంచి 50 శాతం కావాలి. చెరకు రసంతో చేసిన మన కామికారా 12 ఏళ్ళది 50 శాతం ఉంటుంది, ధర మాత్రం జేబు తడిమి చూసుకోవాల్సిందే. 30 మిల్లీలీటర్లకి ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపితే బలం 43 దగ్గరికి దిగుతుంది. ముందు నీళ్ళు లేకుండా రుచి చూసి, మరీ ఘాటుగా తగిలితేనే కలపండి.

కూర్చునే సాయంత్రం

1. భోజనం చేసి గంట, గంటన్నర అయ్యాక మొదలుపెట్టండి. ఖాళీ కడుపు మీద ఘాటు సిగార్ చెమటలు పట్టిస్తుంది, కడుపు తిప్పుతుంది. ఆ పూట ఆవకాయ, ఊరమిరపకాయ వద్దు. కారం నాలుకని గంటల తరబడి మొద్దుబారుస్తుంది.

2. అగరొత్తి, దోమల చుట్ట, రూమ్ ఫ్రెషనర్ ఉన్న గదిలో ఈ పని పెట్టుకోవద్దు. సీలింగ్ ఫ్యాను ఆపేయండి. దాని కింద సిగార్ ఒక పక్కనే కాలుతుంది, వేడెక్కి చేదెక్కుతుంది. దోమలకి టేబుల్ ఫ్యాను కాళ్ళ వైపు తిప్పి చిన్న వేగంలో పెట్టండి. పిల్లలున్న ఇంట్లో గదిలో కాకుండా డాబా మీదో పెరట్లోనో కూర్చోండి.

3. మూతి సన్నగా, పొట్ట వెడల్పుగా ఉన్న గ్లాసులో 30 మిల్లీలీటర్లు పోసి పది పదిహేను నిమిషాలు వదిలేయండి. ఐస్ వేయకండి, చల్లదనం నాలుకని మొద్దుబారుస్తుంది, వాసన మూసేస్తుంది. కోలా అసలే వద్దు. మే నెలలో మాత్రం 38 డిగ్రీల గదిలో ఉన్న రమ్ము ముక్కుకి ఘాటుగా కొడుతుంది. సీసాని ఫ్రిజ్ కింది అరలో ఇరవై, పాతిక నిమిషాలు ఉంచి పోయండి. కోరాపుట్ చలిలో గ్లాసుని అరచేతిలో పొదువుకుని వెచ్చబెట్టాలి.

4. సిగార్ తల చివర, టోపీలా అతికించిన ఆకు కనిపిస్తుంది. అంచు నుంచి 2 మిల్లీమీటర్లకి మించకుండా రెండు వైపులా పదునున్న కట్టర్‌తో ఒక్క వేటున కోయండి. ఆ టోపీ గీత దాటి కోస్తే పై ఆకు ఊడొస్తుంది. బ్లేడు, పళ్ళు వాడకండి. ముట్టించక ముందే ఒకసారి లాగి చూడండి. సన్నటి స్ట్రాతో పానకం తాగినంత తేలిగ్గా గాలి రావాలి.

5. బ్యూటేన్ లైటర్ గాని, పొడవాటి అగ్గిపుల్ల గాని. పెట్రోల్ లైటర్, కొవ్వొత్తి, గ్యాస్ స్టవ్ వాసన పొగలోకి దిగుతుంది. అగ్గిపుల్ల అయితే గంధకం కాలిపోయేదాకా రెండు క్షణాలు ఆగండి. మంటకి వేలెడు దూరంలో సిగార్‌ని 45 డిగ్రీలు వాల్చి తిప్పుతూ చివర అంతా సమంగా నల్లబడి, అంచు ఎర్రబడేదాకా కాచండి. తరవాతే నోట పెట్టి తిప్పుతూ మెల్లగా లాగండి. కొసని ఊది చూస్తే నిప్పు గుండ్రంగా ఉండాలి.

6. మొదటి పది నిమిషాలు సిగార్ ఒక్కటే. నిమిషానికి ఒక దమ్ము, పొగ నోట్లోనే. ఒక గుక్క మంచినీళ్ళు తాగి, అప్పుడు రమ్ము ఒక్కటే రుచి చూడండి. రెండూ విడివిడిగా నోటికి తెలిశాకే కలపాలి.

7. ఇప్పుడు జోడీ. పొగ వదిలాక అయిదు మిల్లీలీటర్ల చిన్న గుక్క తీసుకుని అయిదారు క్షణాలు నాలుక మీద తిప్పి మింగండి. అరనిమిషం ఆగి తరవాతి దమ్ము లాగండి. నోట్లో రమ్ము ఉండగానే పొగ లాగితే మంట తప్ప ఏమీ తెలియదు. గుక్కకీ గుక్కకీ నడుమ నాలుగైదు నిమిషాలు. ఆ లెక్కన 60 మిల్లీలీటర్లు పన్నెండు గుక్కలై గంట నిలుస్తాయి.

8. గమనించాల్సింది ఒక్కటే: రమ్ము తరవాతి దమ్ములో ముందు లేని వాసన ఏదైనా వచ్చిందా? వస్తే కుదిరింది. రెండూ పక్కపక్కన నడుస్తూ ఒకదాన్నొకటి పట్టించుకోకపోతే పరవాలేదు, జోడీ కాదు. చేదో లోహపు రుచో వస్తే రమ్ము మార్చండి. అలవాటున్నవాళ్ళు కొద్దిగా పొగని ముక్కుగుండా వదిలి చూడొచ్చు. ఊపిరితిత్తుల్లోకి లాగడం కాదది, నోట్లోని పొగలో నాలుగో వంతు ముక్కు దారిన పంపడం.

సగం దారిలో ఘాటు పెరుగుతుంది. అక్కడ రెండో 30 మిల్లీలీటర్లు పోసి, ఈసారి నీళ్ళు కలపకండి. నోరు కడుక్కోవడానికి మంచినీళ్ళు, ఉప్పు వేయని పలాస జీడిపప్పు చాలు. చక్కెర లేని కోరాపుట్ కాఫీ మదురోతో బాగుంటుంది. ఛెనాపోడా (పాలవిరుగుడు కాల్చి చేసే ఒడియా మిఠాయి) ముక్క తినాలనుంటే సిగార్ అయిపోయాకే. వేళ్ళకి వేడి తగిలే దగ్గర, నాలుగైదు సెంటీమీటర్లు మిగిలాక, ఆపేయండి. పీక దాకా లాగితే పేరుకున్న తారు చేదు రమ్ముని కూడా పాడుచేస్తుంది. నలిపి ఆర్పొద్దు, పళ్ళెంలో పెట్టేస్తే అదే ఆరుతుంది, కంపు తక్కువ.

మధ్యలో చెడితే

ఒక పక్క వేగంగా కాలుతుంటే ఆ పక్కని కిందికి తిప్పి పట్టుకోండి; అయినా సర్దుకోకపోతే కాలని అంచుకి మాత్రం మంట చూపించండి. అది వానాకాలం రోగం, చెమ్మ తీసేస్తే మళ్ళీ రాదు. ఆరిపోతే నుసి దులిపి, ముందు సిగార్‌లోంచి బయటికి ఊది, పాత పొగ పోయాక ముట్టించండి. గంట దాటితే పారేయండి. దమ్ము రాకపోతే సన్నటి అల్లిక సూదిని తలవైపు నుంచి నిలువుగా దించి తీయండి. పై ఆకు చిట్లితే మైదా జిగురు చుక్క వేసి వేలితో అదమండి. తెల్లగా నూగులా, నీలిపచ్చగా కనిపించేది బూజే, దాన్ని సిగార్ మాగిన గుర్తు అని అమ్మేవాళ్ళు చెప్తే వినకండి. పై ఆకు మీద తుడిస్తే పోయేంత ఉంటే తుడిచి విడిగా ఉంచండి, అంటించే కొసలో కనిపిస్తే బయట పారేయండి.

తల తిరిగి, చెమట పట్టి, వెక్కిళ్ళు వస్తే నికోటిన్ ఎక్కువైంది. సిగార్ పక్కన పెట్టి, రమ్ము కూడా ఆపి, బెల్లం ముక్క నోట్లో వేసుకుని నీళ్ళు తాగి గాలికి కూర్చోండి. వాంతులు ఆగకపోయినా, గుండె దడ తగ్గకపోయినా ఆసుపత్రికి. ఆ రాత్రి బండి తీయొద్దు.

మిగిలిన రమ్ము సీసాని నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే బిరడాని తినేస్తుంది. మూడో వంతుకి దిగాక పైన నిండిన గాలి నెలల్లో వాసన పలచబరుస్తుంది. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన క్వార్టర్ సీసాలోకి నిండా ఒంపి, తేదీ రాసి, వెలుతురు తగలని చోట పెట్టండి.